కళాశాల కన్నా ముందు ఎక్కాల్సిన మెట్లు: నల్లగొండలో ఒక నెట్ సెంటర్‌పై సమీక్ష

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక మందుల దుకాణాన్ని ఆనుకొని ఉన్న సందులో, నాలుగు మెట్లెక్కితే వచ్చే ఒకే ఒక్క గది ఈ నెట్ సెంటర్. పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి చాలా ఉన్నా, చెప్పక తప్పని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. పైగా ఇలాంటి గది మిర్యాలగూడలోనూ, దేవరకొండలోనూ, వనపర్తిలోనూ ప్రతి బస్టాండు పక్కనా ఒకటి ఉంటుంది. 2022 జూలై నుంచి 2025 చివరి దాకా మా తమ్ముడి కూతురి డిగ్రీ చదువు పనుల మీద నేను ఈ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. ఆమె చదివిన కళాశాల మెట్లు మాత్రం సరిగ్గా నాలుగుసార్లు ఎక్కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కామర్స్ చెప్పి 2018లో పదవీ విరమణ చేసిన నాకు, ఇవాళ్టి ఉన్నత విద్య ఎలా నడుస్తున్నదో ఆ కళాశాల కన్నా ఈ గదే ఎక్కువ చెప్పింది. అందుకే దీన్ని జిరాక్సు దుకాణంగా కాక, ఒక విద్యా సేవగా తూచి రాస్తున్నాను.

గదిలో మూడు కంప్యూటర్లు, ఒక పాత జిరాక్సు యంత్రం, ఒక రంగుల ప్రింటరు, లామినేషన్ పెట్టె, గోడ వారగా ఆరు ప్లాస్టిక్ స్టూళ్లు ఉంటాయి. ధరల పట్టిక గోడకు అతికించి ఉంటుంది. జిరాక్సు పేజీకి రెండు రూపాయలు, రంగుల ప్రింటుకు పది, డిగ్రీ ప్రవేశాల దరఖాస్తు, ఆప్షన్లు కలిపి నూట యాభై, స్కాలర్‌షిప్ రెన్యూవల్‌కు వంద. పట్టికలో ఉన్న దానికన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడగడం ఈ మూడేళ్లలో నేను చూడలేదు. ఫలితాలు వచ్చిన రోజైనా, గడువు ముగిసే రాత్రైనా అదే ధర. ఇది చిన్న విషయం కాదు. గడువు ముందు రోజు రేటు రెట్టింపు చేసే సెంటర్లు ఇదే పట్టణంలో ఉన్నాయి.

యజమాని నకిరేకల్ వైపు మనిషి, వయసు నలభై లోపే. ఎంకాం, బీఎడ్ చదివి, ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో నాలుగేళ్లు అకౌంటెన్సీ చెప్పాడట. నేనూ అదే సబ్జెక్టు వాణ్ణని తెలిశాక కొంచెం మనసు విప్పాడు. "అక్కడ పాఠం చెప్తే జీతం ఆర్నెల్లకొకసారి వచ్చేది సార్. ఇక్కడ జిరాక్సు తీస్తే రెండ్రూపాయలు అప్పటికప్పుడే చేతిల పడుతున్నయ్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్లు తెర మీదే ఉన్నాయి. ఎవరిదో సెల్‌కు ఓటీపీ వచ్చే క్షణం అది. మంచి అధ్యాపకుడు కావలసిన మనిషి అని నాకు అక్కడే తెలిసింది. డెబిట్ కార్డు వివరాలు నింపుతూనే, పక్కన నిలబడిన బీకాం పిల్లవాడికి డెబిట్, క్రెడిట్ తేడా రెండు ముక్కల్లో చెప్పడం చూశాను.

ఇక అసలు సేవ. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దాదాపు అన్నీ 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. ఉస్మానియా, కాకతీయతో పాటు మన మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోని దాదాపు అన్ని కళాశాలలకూ ఒకే దరఖాస్తు. రిజిస్ట్రేషన్ రుసుము 200 రూపాయలు. ఆలోచనగా చూస్తే ఇది గొప్ప మార్పు. నేను డిగ్రీలో చేరిన 1978లో నాగార్జున కళాశాలకు వచ్చి ఫారం కొని, సిరాపెన్నుతో నింపి, జాబితా అంటించే రోజు కోసం మళ్లీ రావలసి వచ్చేది. రెండో కళాశాలకు పెట్టాలంటే మళ్లీ బస్సు, మళ్లీ ఫారం. ఇప్పుడు చందంపేట తండాలో ఉన్న పిల్ల కూడా హైదరాబాదు కళాశాలను తన మొదటి ఎంపికగా పెట్టుకోవచ్చు. అయితే అందుకు ఆ పిల్ల ఆధార్‌కు సెల్ నంబరు జతపడి ఉండాలి, ఆ నంబరు బతికి ఉండాలి, ఆ ఏడాది ఏప్రిల్ తర్వాత తీసిన ఆదాయ ధ్రువపత్రం కావాలి, ఆపైన దోస్త్ ఐడీ, పిన్, వెబ్ ఆప్షన్లు (కావలసిన కళాశాలల వరుస), సీటు వచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్‌లో తెలపడం. ఒక్కటి తప్పినా పని ఆగుతుంది, చివరిది తప్పితే వచ్చిన సీటే పోతుంది. పల్లె ఇంట్లో ఆధార్‌కు జతపడిన నంబరు సాధారణంగా ఇంకెవరిదో అయి ఉంటుంది, అదీ రీచార్జి లేక ఆగిపోయి ఉంటుంది. ఈ సెంటర్లో కూర్చుంటే రోజుకు పదిసార్లు వినిపించే మాట "ఓటీపీ అచ్చిందా?" అన్నదే.

ఇక్కడ ఈ యజమాని పనితనాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. మిగతా చోట్ల కౌంటర్ మీది కుర్రవాడు మార్కుల మెమో లాక్కొని టకటకా కొట్టేస్తాడు. ఇతను ముందు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఏ ఊరు, ఏ బస్సు వస్తుంది, హాస్టల్‌లో ఉంటావా, లెక్కలంటే భయమా. మేము వెళ్లిన రోజు మా ముందు కనగల్ మండలం నుంచి వచ్చిన ఒక తల్లి ఉంది. "తమ్మీ, మా బిడ్డకు మంచి కాలేజి పెట్టు, బస్సు పోయేటిది" అన్నది. ఇతను నవ్వలేదు. బస్సు వేళలను బట్టి నాలుగు కళాశాలలు వరుసలో పెట్టి, ఆ పిల్లకే చదివి వినిపించి, "సరేనా బిడ్డా?" అని అడిగాకే సబ్మిట్ నొక్కాడు. 2023 డిసెంబరులో మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి మండల కేంద్రాల అమ్మాయిలు సొంత మండలం కళాశాల వదిలి నల్లగొండకు ఆప్షన్ పెడుతున్నారని తర్వాత ఒకసారి చెప్పాడు. ఏ కళాశాల నిండుతుందో ఏది ఖాళీ పడుతుందో నిర్ణయించేది పాఠ్యప్రణాళిక ఒక్కటే కాదు, బస్సు కూడా అన్న సంగతి ఈ కౌంటర్ దగ్గర తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు.

ఖాళీల మాట వచ్చింది కాబట్టి దాని లోతు చెప్పాలి. రాష్ట్రంలో డిగ్రీ సీట్లలో దాదాపు సగం ఏటా మిగిలిపోతున్నాయి. ఒక్కరూ చేరని కళాశాలలు ప్రతి సంవత్సరం పదుల్లో తేలుతున్నాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన వాళ్లలో ఎక్కువ మంది ఇంజినీరింగు ప్రవేశ పరీక్ష అయిన ఎప్‌సెట్ వైపు, అందులోనూ కంప్యూటర్ సైన్సు వైపు పోతారు. అదే సెంటర్లో ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే రోజున చూశాను: సివిల్, మెకానికల్ అన్న పేర్లు జాబితా అడుగున కూడా లేవు. ఇలా సీట్లు ఎక్కువై పిల్లలు తక్కువైనప్పుడు కళాశాలలు ఏం చేస్తాయో నల్లగొండలో అందరికీ తెలుసు. ఇంటర్ పరీక్షలు కాకముందే వాటి తరఫున పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు ఊళ్ల మీద పడతారు. మెమో జిరాక్సు ఇస్తే చాలు, మిగతాది మేమే చూసుకుంటామంటారు. కొందరు పిల్లలకు తమ పేరు మీద దోస్త్ ఐడీ ఉన్నదనే తెలియదు; ఎవరో సెల్ తీసుకొని ఓటీపీ చూసుకొని పెట్టేసి ఉంటారు. అలాంటి ఇద్దరిని ఇక్కడే చూశాను. ఒకరి విషయంలో యజమాని అరగంట ఫోన్లో మాట్లాడి పిన్ తిరిగి రాబట్టాడు, పైసా తీసుకోలేదు.

అయినా ఒక సంగతి దాచను. రెండో ఏడాది వెళ్లినప్పుడు కౌంటర్ వెనక గోడకు ఒక ప్రైవేటు కళాశాల ఫ్లెక్సీ వేలాడుతున్నది. ఏమిటిది అని అడిగితే, గది అద్దెలో కొంత వాళ్లిస్తారని చెప్పాడు. నా కళ్ల ముందు అతను ఎవరినీ ఆ కళాశాలకు తోసింది లేదు. కానీ ఆప్షన్లు పెట్టే మనిషి తల వెనక ఒక కళాశాల బొమ్మ ఉండటం, తక్కెడ పట్టే చేతికి ఉంగరం ఎక్కువైనట్టే ఉంటుంది. నేను చెప్పాను, మరుసటి నెలకు ఫ్లెక్సీ లేదు. నా మాటకు తీశాడో, అద్దె ఒప్పందం అయిపోయిందో అడగలేదు.

స్కాలర్‌షిప్ పనులు ఈ సెంటర్‌కు రెండో పంట. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. మా దగ్గర ఇంటర్‌తో ఆగిపోయే పిల్లలు, ముఖ్యంగా బీసీ, ఎస్సీ, ఎస్టీ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఆ తర్వాతే పెద్ద సంఖ్యలో డిగ్రీ మొహం చూశారు. ఇది నా తరగతి గదిలో నేను చూసిన మార్పు, ఎవరూ కాదనలేరు. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఉస్మానియా పీజీ కేంద్రాలుగా ఉన్నవి విశ్వవిద్యాలయాలయ్యాయి, వాటి కింద ప్రైవేటు కళాశాలలు వీధికొకటిగా లేచాయి. అయితే ఆ కళాశాలల్లో చాలావాటికి ఊపిరి ఆ రీయింబర్స్‌మెంట్ డబ్బే. అది ఆగితే జీతాలు ఆగుతాయి, జీతాలు ఆగితే అధ్యాపకులు ఆగరు. బకాయిలు విడుదల చేయాలని 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ, పీజీ కళాశాలలు తాళాలు వేశాయి. 2025 నవంబరులో ఇంజినీరింగు తదితర వృత్తి విద్యా కళాశాలలు కూడా బంద్‌కు దిగి, ప్రభుత్వంతో చర్చల తర్వాత తెరిచాయి. మొదటి బంద్ నాటికి మా అమ్మాయి ఐదో సెమిస్టర్‌లో ఉంది. కళాశాల తలుపు మూసి ఉన్న ఆ రోజుల్లో పిల్లలంతా ఈ మెట్ల మీద కూర్చునేవాళ్లు. పరీక్షలు ఉంటాయా, వాయిదా పడతాయా అని అడగడానికి వాళ్లకు తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే. యజమాని విశ్వవిద్యాలయ వెబ్‌సైటులో వచ్చిన ప్రతి ప్రకటననూ ప్రింటు తీసి తలుపుకు అంటించేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు.

రెన్యూవల్ పనిలో అతని జాగ్రత్త మెచ్చదగినది. బీసీ కుటుంబానికి గ్రామీణ ప్రాంతంలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షల ఆదాయ పరిమితి ఉంటుందనీ, హాజరు 75 శాతానికి తగ్గితే మొదటికే మోసం వస్తుందనీ ప్రతి పిల్లకూ చెప్తాడు. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపడిందో లేదో ముందే చూస్తాడు. వేలిముద్ర వేయడానికి మీ సేవకు పంపేటప్పుడు, ఒక చీటీ మీద ఏం అడగాలో రాసిస్తాడు. ఆ చీటీ నా జేబులో ఒకటి ఇప్పటికీ ఉంది. "వేలిముద్ర పడకపోతే చెయ్యి కడుక్కొని మళ్లీ వెయ్యాలి, తిరిగి రావద్దు" అని ఉంది. పత్తి ఏరిన చేతులకు ముద్ర పడదన్న సంగతి అతనికి తెలుసు.

డిగ్రీలో 2016లోనే సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. మేము చదివినప్పుడు ఏడాదికి ఒక పరీక్ష; ఇప్పుడు మూడేళ్లకు ఆరు. విషయాన్ని చిన్న ముద్దలుగా తినిపించడం మంచిదేనని నేను కూడా నమ్మాను. కానీ ప్రతి సెమిస్టర్‌కూ పరీక్ష ఫీజు, హాల్ టికెట్టు, ఫలితం, తప్పితే రీవాల్యుయేషన్, బ్యాక్‌లాగ్. తొంభై పనిదినాల బోధన కోసం ఇన్ని దస్తావేజులు. ఈ మధ్య దానికి ఏబీసీ ఐడీ కలిసింది. 2020 జాతీయ విద్యా విధానం దరిమిలా యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా అది. ఒక చోట సంపాదించిన క్రెడిట్లను దాచుకొని మరో చోట వాడుకోవచ్చు, మధ్యలో చదువు ఆపి మళ్లీ చేరవచ్చు. పెళ్లి కుదిరి రెండో ఏట చదువు మానే అమ్మాయిలున్న మా జిల్లాలకు నిజంగా పనికొచ్చే ఆలోచన. కౌంటర్ దగ్గర మాత్రం అది యాభై రూపాయలకు సృష్టించే పన్నెండు అంకెల నంబరు. ఇది ఎందుకురా అని ఒక పిల్లవాణ్ణి అడిగితే, "పరీక్ష ఫారంల అడుగుతున్నరు సార్" అన్నాడు. అంతకు మించి వాడికి కళాశాలలో ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఈ యజమానే, అదీ ప్రింటరు వేడెక్కే లోపు దొరికిన ఒక్క నిమిషంలో.

ఆరో సెమిస్టర్‌లో వచ్చే ప్రాజెక్టు వర్కు గురించి కాస్త ఎక్కువే రాయాలి. ఇదివరకు ఇక్కడ ఒక పెన్ డ్రైవ్ ఉండేది. అందులో పాత ప్రాజెక్టులు ఉండేవి. పేరు, హాల్ టికెట్ నంబరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేసి మూడు వందలకు ఇచ్చేవాళ్లు. ఈ మాట యజమాని తానే ఒప్పుకున్నాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ పెన్ డ్రైవ్‌కు గిరాకీ పోయింది. పిల్లలు సెల్‌లోనే తయారు చేసుకొచ్చి, ఇక్కడ అచ్చు వేయించుకుంటున్నారు. 2025 వేసవిలో నేను పక్కన కూర్చొని ఉండగా ఒక కుర్రవాడు చేపల అమ్మకం మీద ప్రాజెక్టు తెచ్చాడు. పానగల్ ఉదయసముద్రం చెరువులో చేపలు పట్టేవాళ్ల ఆదాయం గురించి. అంశం ఎంత బాగుందో! ఆ చెరువు వందల ఏళ్ల నాటిది, ఇప్పుడు జలాశయంగా పెంచారు. గట్టు మీద పొద్దున్నే నిలబడితే మత్స్యకారులు తెప్పల మీద వలలు విప్పడం కనిపిస్తుంది. కుర్రవాడిది కూడా ఆ పక్క ఊరే. యజమాని పేజీలు సరిచూస్తూ ఒక చోట ఆగి, తెరను నా వైపు తిప్పాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యానికి అర్థం ఇది: ఉదయసముద్ర తీరప్రాంత మత్స్యకారులు తుపానుల సమయంలోనూ, ఆటుపోట్ల వల్లనూ తీవ్రంగా నష్టపోతున్నారు.

సముద్రం అన్న మాట చూసి యంత్రం నల్లగొండకు తీరం తెచ్చిపెట్టింది. నవ్వు వచ్చింది కానీ ఎక్కువసేపు ఉండలేదు. ఎందుకంటే ఆ ప్రాజెక్టు మొదటి పేజీ మీద అధ్యాపకుడి సంతకం అప్పటికే ఉంది. సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసి, వెనక పేజీలు ఆ తర్వాత చేర్చుకుంటున్నారు. కళాశాల పేరు రాయను, ఇది ఒక్క కళాశాల సంగతి కాదు. ఆ అధ్యాపకుణ్ణి కూడా నేను తిట్టలేను. ఒకే సెమిస్టర్‌లో తొంభై ప్రాజెక్టులు ఒక్కడి నెత్తిన పెట్టి, దానికి జీతం ఎప్పుడిస్తారో చెప్పకపోతే, ఎవరి సంతకమైనా ముందే పడుతుంది. యజమాని ఆ కుర్రవాణ్ణి వెనక్కి పంపాడు. "పానగల్ పోయి నలుగురితోటి మాట్లాడిరా తమ్మీ. రేపు అచ్చేస్త. ఇయ్యాల వెయ్యను." వ్యాపారస్తుడు చేతికొచ్చిన బేరాన్ని వాయిదా వేయడం నేను చాలా అరుదుగా చూశాను. కుర్రవాడు మరునాడు కాదు గానీ మూడో రోజు వచ్చాడట. కిలో ధర, ఐసు ఖర్చు, దళారి వాటా ఉన్న ఒక పట్టిక చేత్తో రాసుకొచ్చాడట. అది ఉన్న పేజీ జిరాక్సు యజమాని నాకు చూపించాడు. నేను మార్కులేస్తే ఆ ఒక్క పేజీకే వేస్తాను.

ఈ గది ఇవ్వలేనిదేమిటో కూడా చెప్పాలి. జడ్చర్లలోని బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పెంచిన తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. పదవీ విరమణ తర్వాత పాలమూరు వైపు పని మీద వెళ్లి దాన్ని చూశాను. మొక్క ముందు నిలబడి దాని ఆకు వాసన చూసి పేరు చెప్పే పిల్లలక్కడ ఉన్నారు. బోధన అంటే అది. కౌంటర్ మీద ఎంత మంచి మనిషి కూర్చున్నా ఆ పని జరగదు, జరగాలని అడగడమూ న్యాయం కాదు. ఈ సెంటర్ మీద నాకున్న అభిమానానికి ఇదే హద్దు.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది, యజమాని లేని వేళ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అతను భోజనానికి వెళ్తాడు. అప్పుడు కూర్చునే కుర్రవాళ్లిద్దరికీ చేతులు చురుకు, చెవులు మందం. మా వీధిలోని ఒక అమ్మాయికి ఆప్షన్ల వరుస తారుమారు చేశారు. బీఎస్సీ జీవశాస్త్రాలు మొదట రావలసిన చోట బీకాం పెట్టారు. సీటు బీకాంలో వచ్చింది. తర్వాతి విడతలో మార్చుకోగలిగింది కానీ, పది రోజులు ఆ ఇంట్లో అన్నం సహించలేదు. యజమాని తప్పు ఒప్పుకొని డబ్బు తిరిగిచ్చాడు. అయినా సబ్మిట్ నొక్కే ముందు ఆప్షన్ల ప్రింటు తీయించి, వేలు పెట్టి చదవకుండా ఎవరూ లేవకూడదు.

రెండోది ఇంకా పెద్దది. కౌంటర్ కింద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. అందులో పిల్లల పేరు, హాల్ టికెట్ నంబరు, ఐడీ, పిన్, సెల్ నంబరు, మెయిల్, దాని పాస్‌వర్డ్ వరసగా రాసి ఉంటాయి. మెయిల్ ఖాతాలు చాలావరకు వీళ్లే తెరిచినవి, కాబట్టి పాస్‌వర్డు అందరికీ దాదాపు ఒకటే. మంచి ఉద్దేశంతోనే రాస్తారు; పిల్లలు మరిచిపోతారు, ఆరు నెలల తర్వాత వచ్చి అడుగుతారు, నోట్‌బుక్ లేకపోతే పని ఆగుతుంది. కానీ పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల సెల్ నంబరు, ఖాతా, చదువు మొత్తం తాళం చెవులు ఎవరు పడితే వారు తిప్పగలిగే పుస్తకంలో ఉండటం నాకు మింగుడు పడలేదు. అడిగితే, "నేను రాయకపోతే వాళ్లు ఎక్కడ రాసుకుంటరు సార్?" అన్నాడు. జవాబు నా దగ్గరా లేకపోయింది. నేనైతే పిల్లకు ఒక చిన్న డైరీ కొనిచ్చి, అందులో తన చేత్తోనే రాయించాను. పాస్‌వర్డు ఆ రాత్రే మార్పించాను.

2025లో చదువు ముగిశాక టీసీ, మెమోల కోసం వెళ్తే, రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఫీజు మీరే కట్టి కాగితాలు తీసుకెళ్లండి, డబ్బు వచ్చాక తిరిగిస్తాం అన్నారు కళాశాల వాళ్లు. ఆ కళాశాల ఏదో చెప్పను. వాళ్ల ఇబ్బంది నాకు తెలియనిదీ కాదు. కానీ ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న బాకీకి పిల్ల సర్టిఫికెట్టు తాకట్టు కావడం ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు; జీవితమంతా ఖాతాలు నేర్పిన వాణ్ణి, ఈ పద్దు ఏ వైపు రాయాలో నాకు తెలియలేదు. ఆ రోజు మా తమ్ముడు కాపుకొచ్చిన పత్తి అమ్మిన డబ్బులో కొంత కట్టి టీసీ తెచ్చాడు. మిగతా మెమోలకు గడువు అడిగాము. ఈ సెంటర్ యజమాని చేసిన మేలు ఒకటుంది. మూడేళ్లుగా ప్రతి సెమిస్టర్ మెమోనూ తాను స్కాన్ చేసి అమ్మాయి డిజిలాకర్‌లోనూ మెయిల్‌లోనూ పెట్టించాడు. పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీపీగెట్ దరఖాస్తుకు అవే పనికొచ్చాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నింటికీ ఉస్మానియా నిర్వహించే ఆ పరీక్షలో ఆమెకు మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనే ఎంకాం వచ్చింది.

వెళ్లాలనుకునే వాళ్లకు: పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తారు, ఆదివారం ఒంటిపూట. యజమాని ఉన్నప్పుడే వెళ్లండి. ఆధార్‌కు జతపడిన సెల్ వెంట ఉండాలి, అందులో చార్జింగ్ ఉండాలి, ఆ నంబరు గల మనిషి కూడా వెంట ఉంటే మరీ మంచిది. దోస్త్ పనికి మాత్రం మొదట దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో సహాయ కేంద్రం ఉందేమో అడగండి; ఉంటే నూట యాభై మిగులుతుంది, ఎదుట అధ్యాపకుడే ఉంటాడు. అక్కడ రద్దీగా ఉంటే ఇక్కడికి రండి. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి తగ్గించింది నోట్‌బుక్‌కు.

ఎంకాంలో చేరిన రోజు అమ్మాయి తానే ఆ సంగతి కదిపింది. "అన్నా, మీ పుస్తకంల నా లైను కొట్టెయ్యుండ్రి" అన్నది. యజమాని నోట్‌బుక్ తీసి, 2022 జూలై పేజీ దాకా వెనక్కి తిప్పి, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీశాడు. గీత కింద ఆమె పిన్ ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. అమ్మాయి అతని చేతిలోని పెన్ను తీసుకొని, ఒక్కో అంకె మీదా కనబడకుండా పోయేదాకా రుద్దింది.